మా బావ రెండో సౌండు కార్డు

మా బావ మెడలో హెడ్‌ఫోన్స్ లేకుండా కనిపించే చోట్లు రెండే రెండు. ఒకటి స్నానాల గది, రెండోది ఆయన పనిచేసే కళ్ళజోళ్ళ షాపు. మిగతా ఎక్కడికి వెళ్ళినా, కూరగాయలు కొనడానికైనా, బ్యాంకులో వరసలో నిలబడ్డానికైనా, ఆఖరికి ఎవరైనా పోతే పలకరించడానికైనా సరే, ఆ నల్లటి దొప్పలు రెండూ మెడకి వేలాడాల్సిందే. వీధి వీధంతా ఆయన్ని హెడ్‌ఫోన్ మాస్టారు అంటుంది. ఆ పేరు వెటకారానికి పెట్టిందని పదహారేళ్ళుగా ఆయనకి తెలియదు. బిరుదు అనుకుంటున్నాడు పాపం.

ఆయన మా అక్క మొగుడు. నాది సౌండు సామాన్ల షాపు. మైకులు, స్పీకర్లు అమ్ముతాను, అద్దెకిస్తాను, పాడైతే బాగుచేస్తాను. నాకు నోరు కాస్త పెద్దదే, ఒప్పుకుంటాను. ముక్కు మీద కోపం ఉన్న మాట కూడా నిజమే. కానీ చెడిపోయిన వస్తువుని కొత్తదని అంటగట్టానని ఈ ఇరవై రెండేళ్ళలో నన్ను ఒక్కడంటే ఒక్కడు వేలెత్తి చూపించలేదు. మా బావ తప్ప. ఆయన ఆ మాట అన్నాడు. అదీ చాటుగా కాదు, మైకు పట్టుకుని అన్నాడు.

వారంలో ఆరు రోజులు ఆయన కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. ఆ పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. నలభై దాటినవాళ్ళు వస్తారు. పేపరు చేతిని సాచినంత దూరంలో పట్టుకుని, ఈ మధ్య పేపరు వాళ్ళు అక్షరాలు మరీ చిన్నవి చేసేశారని, సిరా సరిగ్గా వెయ్యట్లేదని, ఇంట్లో బల్బు బాగాలేదని అందరి మీదా చాడీలు చెబుతారు. మా బావ నవ్వడు. "అక్షరాలు అలాగే ఉన్నాయండీ, మన కళ్ళకే కాస్త వయసొచ్చింది" అని మెత్తగా అంటాడు. వాళ్ళు సిగ్గుపడకుండా కళ్ళజోడు పెట్టుకుని వెళ్తారు. అంత నేర్పున్న మనిషి.

ఆదివారం వచ్చిందంటే ఆ మనిషి మాయమైపోయి డీజే దిగుతాడు. పుట్టినరోజులు, పదవీ విరమణ సభలు, ఆఫీసు పార్టీలు. పాత లాప్‌టాప్ ఒకటి, నా దగ్గర అద్దెకి తీసుకున్న స్పీకర్లు, మెరిసే చొక్కా. ఇక ఆ హెడ్‌ఫోన్స్ సంగతి చెప్పాలి. లాప్‌టాప్‌కి సౌండు బయటికొచ్చే కన్నం ఒకటే ఉంటుంది. అందులో స్పీకర్ల వైరు గుచ్చేస్తే ఇక హెడ్‌ఫోన్స్‌కి చోటేదీ? అందుకని మా బావ హెడ్‌ఫోన్స్ వైరు చివర ఎక్కడుండేదో తెలుసా? ప్యాంటు జేబులో. కుడి చేత్తో మౌసు తిప్పుతూ, ఎడమ చేత్తో ఎడమ దొప్పని చెవికి అదుముకుని, కళ్ళు మూసుకుని తల ఊపేవాడు. జేబులోంచి ఆయనకి ఏ పాట వినిపించేదో ఆ దేవుడికే తెలియాలి.

పాట అయిపోయాక రెండో పాట మొదలవడానికి మధ్యలో ఖాళీ వచ్చేది. ఆ ఖాళీ కనిపించకుండా మైకు అందుకుని "ఇప్పుడూ..." అని దీర్ఘం తీసేవాడు. ఒకసారి లాప్‌టాప్ మొరాయిస్తే ఆ దీర్ఘం ఎంతసేపు లాగాడంటే, డాన్సు చేస్తున్నవాళ్ళు వెళ్ళి చేతులు కడుక్కుని భోజనాలకి కూర్చున్నారు. ఆ రోజు కూడా ఇంటికొచ్చి అక్కతో జనం ఊగిపోయారనే చెప్పాడు.

అలా సాగిపోతే నాకేం బాధ లేదు. బావని ఆటపట్టించడం నా హక్కు, ఆయనా పట్టించుకునేవాడు కాదు. కానీ ఈ ఏడాది కళ్ళజోళ్ళ షాపు ఓనరు పిలిచి, రెండు నెలల్లో షాపు మూసేస్తున్నాను, మా అబ్బాయి ఇక్కడ ఫోన్ల షాపు పెడతాడు, వేరే పని చూసుకో అన్నాడు. బావకి యాభై రెండేళ్ళు. అద్దాలు అరగదీసే పని ఇప్పుడు మిషన్లే చేసేస్తున్నాయి. ఊళ్ళో నాలుగు షాపులు తిరిగాడు, నాలుగు చోట్లా టీ ఇచ్చి పంపించారు. అక్క ఇంట్లో కూర్చుని స్కూలు యూనిఫారాలు కుడుతుంది గానీ, దాంతో ఇల్లు గడవదు.

సరిగ్గా అప్పుడే బస్టాండు వెనక కొత్తగా ఒక ఫంక్షన్ హాలు తెరిచారు. దాని మేనేజరు శుభ్రంగా ఇస్త్రీ చేసిన మనిషి. ప్రతి మాటకీ 'అండీ' తగిలిస్తాడు, గొంతు పెంచడు. వాళ్ళకి నెల జీతం మీద ఒక డీజే కావాలి. మా బావ పేరు ఎవరో చెప్పారు. మేనేజరు రెండే షరతులు పెట్టాడు. పాటకీ పాటకీ మధ్య ఖాళీ రాకూడదు, మైకులో మాట్లాడకూడదు. నాలుగో ఆదివారం మధ్యాహ్నం హాలు సిబ్బంది కుటుంబాలన్నీ ఒకచోట చేరి భోజనాలు చేస్తాయి, అక్కడ వాయించి చూపించమన్నాడు. నచ్చితే ఉద్యోగం.

ఆ సాయంత్రం అక్క నా షాపుకి వచ్చింది. అక్క ఊరికే షాపుకి రాదు. కౌంటరు ముందు నిలబడి, "ఒరేయ్, ఈసారి ఆయన్ని వెటకారం చెయ్యకుండా నేర్పించరా. ఇది పోతే మాకు ఇంకోటి లేదు" అంది. నేను పెద్ద తరహాగా, నువ్వు నిశ్చింతగా ఇంటికెళ్ళు, నేనున్నానుగా అన్నాను.

చెయ్యాల్సిన పని నిజానికి చిన్నదే. లాప్‌టాప్‌కి రెండో సౌండు కార్డు తగిలించాలి. బొటనవేలంత ఉంటుంది, పక్కనున్న కన్నంలో గుచ్చితే చాలు. అప్పుడు లాప్‌టాప్‌కి రెండు నోళ్ళు వచ్చినట్టు. మొదటి నోరు హాలుకి పాడుతుంది. రెండో నోరు డీజే చెవిలో మాత్రమే పాడుతుంది. హాల్లో ఒక పాట నడుస్తుండగానే తర్వాతి పాటని తనొక్కడే విని, ఈ తాళం, ఆ తాళం కలిసిన చోట మెల్లిగా లోపలికి వదలాలి. వడ్డించే ముందు వంటవాడు ఉప్పు చూసుకోడూ, అంతే. ఒక చెవికి దొప్ప, రెండో చెవి హాలుకి. అందుకే డీజేలు ఒక చెవి మీదే దొప్ప పెట్టుకుంటారు. పదహారేళ్ళు మా బావ నటించిన పని ఇదన్నమాట.

మర్నాడు బావ లాప్‌టాప్ తీసుకొచ్చాడు. కార్డు గుచ్చాను, హెడ్‌ఫోన్స్ వైరు చివరని ఆయన జేబులోంచి మర్యాదగా బయటికి తీసి కార్డులో పెట్టాను. బావ ఎడమ దొప్ప అదుముకున్నాడు, కళ్ళు మూసుకున్నాడు, తల ఊపాడు.

"అబ్బ, ఎంత స్పష్టంగా ఉందిరా" అన్నాడు.

నేనింకా పాట పెట్టనే లేదు. నాకు నవ్వు ఆగలేదు. పదహారేళ్ళ అలవాటు, ఒక్క రోజులో పోతుందా అనుకున్నాను. పాట పెట్టి, ఏ బొత్తాం ఎందుకో చెప్పి పంపించాను. ఆ రోజు షాపుకి వచ్చిన ప్రతివాడికీ ఈ సంగతి చెప్పి నవ్వించాను కూడా.

రెండో రోజు పొద్దున్నే వచ్చి కార్డు కౌంటరు మీద పెట్టాడు. సౌండు రావట్లేదన్నాడు. నా లాప్‌టాప్‌కి తగిలించి విన్నాను. గంట కొట్టినట్టు వస్తోంది. వస్తోంది కదా బావా అంటే, "వస్తోంది గానీ, దీనికన్నా గట్టిది లేదా?" అన్నాడు. సరే, ఆయన పాత హెడ్‌ఫోన్స్‌కి కాస్త ఎక్కువ బలం కావాలేమో అని ఇంకో రకం కార్డు ఇచ్చాను. ఇది బాగా గట్టిది అని కూడా చెప్పాను.

మూడు రోజుల తర్వాత అక్క ఫోను. ఇంట్లో అంతా తారుమారైంది, పైకి వినిపించాల్సింది చెవిలోకి, చెవిలో వినిపించాల్సింది స్పీకర్లోకి పోతోందట. పక్కింటావిడ వచ్చి, ఒకే పాట మొదటి ముక్కని పదిహేను సార్లు వింటే తలకాయ పగిలిపోతోందని గొడవపడి వెళ్ళిందట. వెళ్ళి చూస్తే, బావ కార్డుని అవతలి పక్క కన్నంలో గుచ్చాడు. ఈ లాప్‌టాప్‌లకి ఆ పిచ్చి ఉంది. కన్నం మారిస్తే అదే కార్డుని కొత్త చుట్టంలా చూస్తాయి, అన్నీ మొదటి నుంచి మళ్ళీ చెప్పుకోవాలి. అక్క గోళ్ళ రంగు సీసా అడిగి, సరైన కన్నం పక్కన ఎర్రటి చుక్క పెట్టాను. బావా, ఈ చుక్క దాటితే కాళ్ళు విరగ్గొడతాను అన్నాను. ఆయన నవ్వాడు గానీ, చుక్క వంక కాదు, నా నోటి వంక చూసి నవ్వాడు.

వారం తిరక్కుండా రెండో కార్డు కూడా వెనక్కి వచ్చింది. అదే మాట, దీనికన్నా గట్టిది లేదా. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. "బావా, ఇంకా గట్టిది కావాలంటే రైల్వే స్టేషన్లో అడగాలి" అన్నాను. అయినా అక్క మొహం గుర్తొచ్చి, ఇనప డబ్బాలో ఉండే పెద్ద కార్డు తెప్పించాను. దానికి సౌండు పెంచుకునే గుండీ కూడా వేరేగా ఉంటుంది. ఆ గుండీ చూడగానే ఆయన మొహం విచ్చుకున్న తీరు చూడాలి. మూడు రోజులు మురిసిపోయాడు. నాలుగో రోజు మళ్ళీ నా కౌంటరు ముందు ప్రత్యక్షం. ఈసారి షాపులో ఇద్దరు కస్టమర్లున్నారు. వాళ్ళ ముందే, కొత్త డబ్బాల్లో పాత సరుకు పెట్టి అమ్ముతున్నారేమో ఒకసారి కంపెనీ వాళ్ళని అడగరా అన్నాడు. మైకు కొనడానికి వచ్చినాయన నా వంక అదోలా చూసి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు. ఆ మళ్ళీ ఇంతవరకూ రాలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మూడు కార్డులూ వరసగా పెట్టి, మూడింటిలోనూ పాట పెట్టి, చేతకాక తప్పు వస్తువు మీదికి నెట్టకు, తాళం కలపడం రాకపోతే రాదని చెప్పు, అంతేగాని నా షాపు పరువు తియ్యకు అని గట్టిగానే అరిచాను. ఆయన డబ్బా కార్డుని సంచిలో పెట్టుకుని, చేస్తాన్లే, ఎలాగోలా చేస్తాను అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

నాలుగో ఆదివారం వచ్చింది. నేనూ వెళ్ళాను. అక్క రమ్మంది కాబట్టి వెళ్ళానని అందరికీ చెప్పాను గానీ, అసలు సంగతి, తప్పు కార్డుదా మనిషిదా నా కళ్ళతో చూద్దామని. హాల్లో కొత్త రంగు వాసన ఇంకా పోలేదు. కుర్చీల మీది ప్లాస్టిక్ కవర్లు కూడా తియ్యలేదు, ఎవరు కూర్చున్నా కిర్రుమంటోంది. వంటవాళ్ళు తడి చేతులు ఏప్రాన్లకి తుడుచుకుంటూ వచ్చి గోడ వెంట నిలబడ్డారు. ముందు వరసలో హాలు ఓనర్ల కుటుంబం. పిల్లలు నున్నటి నేల మీద జారుతూ ఆడుతున్నారు. స్టేజీ పక్కన బల్ల, దాని మీద లాప్‌టాప్, ఇనప డబ్బా కార్డు, ఎర్ర చుక్క. బావ మెరిసే చొక్కా వేసుకోలేదు. అక్క తెల్ల చొక్కా వేయించింది.

మొదటి పాట బాగా సాగింది. అది ఒక్కటే కదా, దేనితోనూ కలపక్కర్లేదు. రెండో పాట ఎత్తుకోవాల్సిన సమయం వచ్చింది. బావ ఎడమ దొప్ప అదుముకున్నాడు. డబ్బా మీద గుండీ తిప్పాడు. ఇంకా తిప్పాడు. కళ్ళు మూసుకోలేదు, నేను చూశాను, గుడ్లప్పగించి లాప్‌టాప్‌లో కదిలే గీతల్నే చూస్తున్నాడు. రెండో పాటని వదిలాడు. అది మొదటి పాట మధ్యలోకి వచ్చిపడింది. ఒకే గదిలో ఇద్దరు తోడికోడళ్ళు ఒకేసారి మొదలుపెట్టినట్టు ఉంది. పిల్లలు జారడం మానేసి స్టేజీ వంక చూశారు. మూడో పాట అంతకన్నా ఘోరం. మేనేజరు చేతి గడియారం చూసుకున్నాడు. అక్క చేతిలో చీర కొంగు నలిగిపోతోంది.

అప్పుడు మా బావ చెయ్యకూడని పని చేశాడు. మైకు అందుకున్నాడు. మాట్లాడొద్దని చెప్పిన మేనేజరు పక్కనే నిలబడి ఉండగా, హాలు మొత్తానికీ వినిపించేలా, "క్షమించాలండీ, తప్పు నాది కాదు. కార్డు మంచిది కాదు. మా బావమరిది పాతది బాగుచేసి కొత్తదని ఇచ్చాడు" అన్నాడు.

ఇరవై రెండేళ్ళు. ఆ ఒక్క క్షణం నాకు ఇంకేమీ కనిపించలేదు. కుర్చీల మధ్యలోంచి దూసుకుంటూ వెళ్ళి ఆయన తలమీంచి హెడ్‌ఫోన్స్ లాక్కుని పెట్టుకున్నాను. చెవిలో బాంబు పేలినట్టయింది. విసిరికొట్టాను. గుండీ చివరిదాకా తిప్పి ఉంది. బల్ల మీద పడ్డ దొప్పల్లోంచి పాటలో ప్రతి మాటా మేనేజరుకి కూడా వినిపిస్తోంది. అప్పటికైనా నేను ఆగి ఉండాలి. ఆగలేదు. గుండీ మామూలుకి తగ్గించి, లాప్‌టాప్ మూత అటు తిప్పి, ఎడమ దొప్పని తీసుకెళ్ళి ఆయన ఎడమ చెవికి నేనే అదిమిపెట్టాను. ఏం పాట వస్తోందో చెప్పు బావా అన్నాను.

ఆయన చెప్పలేదు. లాప్‌టాప్ వంక చూద్దామని మెడ తిప్పాడు, అది కనిపించలేదు. అప్పుడు నా వంక కాదు, మా అక్క వంక చూశాడు. అక్క తల దించుకుంది. నాకు మొత్తం అర్థమైపోయింది. అర్థమైనందుకు నాకు కలిగింది జాలి కాదు, సంతోషం. నా కార్డు మంచిదే. అదొక్కటే నా బుర్రలో ఉంది. ఆయన చేతిలో మైకు ఇంకా ఆన్‌లోనే ఉందన్న సంగతి నేను చూసుకోలేదంటే మీరు నమ్మక్కర్లేదు. చూసుకున్నాను. దాన్ని లాక్కుని మరీ చెప్పాను.

"కార్డుకి ఏ రోగమూ లేదండీ. మా బావకే ఎడమ చెవి పోయింది. పోయిన చెవికి నేనెన్ని కార్డులు మార్చను?"

వంటవాళ్ళ వైపు నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. అది గోడ వెంట పాకి, ముందు వరస దాకా వచ్చింది. చెవిటి డీజే అని ఓనర్లలో ఒకావిడ పక్కావిడతో అనడం నాకు స్పష్టంగా వినిపించింది. బావ పాట ఆపాడు, వైర్లు ఎప్పటిలాగే ఒక్కొక్కటీ చుట్టచుట్టి రబ్బరు బ్యాండు వేశాడు, అన్నీ సంచిలో సర్దుకున్నాడు. పర్లేదండీ, భోజనం చేసి వెళ్ళండి అన్నాడు మేనేజరు. వాళ్ళిద్దరూ చెయ్యలేదు. నేను చేశాను. రెండు సార్లు వడ్డించుకుని తిన్నాను.

సోమవారమంతా షాపులో నాదే రాజ్యం. వచ్చినవాళ్ళందరికీ కథ చెప్పాను. బొత్తాం నొక్కకముందే ఎంత స్పష్టంగా ఉందిరా అన్న దగ్గర అందరూ పడీపడీ నవ్వారు. మైకు కొనకుండా వెళ్ళినాయన కూడా ఎవరి నోటో ఈ కథ వినాలని నా కోరిక.

మంగళవారం అక్క వచ్చింది. డబ్బా కార్డుని ఒక కవర్లో పెట్టి తెచ్చి కౌంటరు మీద ఉంచింది. కూర్చోమంటే కూర్చోలేదు. రెండున్నరేళ్ళ కిందటే చెవి డాక్టరుకి చూపించారట. ఏళ్ళ తరబడి ఎడమ పక్కనే స్పీకరు పెట్టుకుని నిలబడ్డాడు కదా, లోపలి నరం చచ్చిపోయింది, ఇక రాదు అన్నాడట. డీజేకి చెవి వినపడదంటే ఎవరు పిలుస్తారని ఇద్దరూ గుట్టుగా దాచుకున్నారు. ఖాళీలిచ్చి వాయించినన్నాళ్ళూ ఒక చెవి సరిపోయింది. ఈ ఉద్యోగానికి రెండు కావాల్సి వచ్చాయి.

"గట్టి కార్డయితే కొంచెమైనా లోపలికి వెళ్తుందేమోనని ఆశపడ్డాడురా. మైకులో ఆయన అన్నది తప్పే, నేను కాదనను. కానీ ఆయన నీ కార్డుని అన్నాడు. నువ్వు ఆయన్ని అన్నావు" అంది.

మరి నాకు ముందే ఎందుకు చెప్పలేదక్కా అన్నాను. నీకు చెబితే మైకులో చెప్పినట్టే కదరా అంది. అని వెళ్ళిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడు షాపులో ఎవరూ లేరు, ఉంటే ఆ మొహం చూసి వాళ్ళు కూడా నవ్వేవాళ్ళు.

ఆ మధ్యాహ్నం ఏ పనీ చెయ్యలేకపోయాను. మూడు కార్డుల్నీ అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంటే, ఉన్నట్టుండి ఒక సంగతి తట్టింది. తట్టడం ఏమిటి, నాకు ఎప్పటి నుంచో తెలిసిందే. లాప్‌టాప్‌లో పాటలు కలిపే సాఫ్ట్‌వేరులో ఒక మూలన చిన్న గుండీ ఉంటుంది. దాన్ని సగానికి తిప్పితే, హాల్లో మోగే పాటా, రాబోయే పాటా రెండూ కలిసి హెడ్‌ఫోన్స్‌లోనే వినిపిస్తాయి. అప్పుడు హాలుని రెండో చెవితో వినక్కర్లేదు. ఒక్క చెవి చాలు, అది ఏదైనా సరే. హాల్లో గోల ఎక్కువైనప్పుడు రెండు చెవులూ ఉన్న డీజేలు కూడా అలాగే చేస్తారు. మా బావకి నేను చూపించలేదు, అంతే. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అరవడానికి మాత్రం తీరిక దొరికింది.

బుధవారం పొద్దున్న కార్డు తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. అక్క తలుపు తీసింది గానీ మంచినీళ్ళు కావాలా అని కూడా అడగలేదు. బావ కిటికీ దగ్గర కూర్చుని ఎవరిదో కళ్ళజోడు స్క్రూ బిగిస్తున్నాడు. మెడలో ఏమీ లేదు. ఇంట్లో అలా బోసిగా ఆ మెడని చూడ్డం నాకు అదే మొదటిసారి. నేను ఆయన కుడి పక్కకి వెళ్ళి కూర్చుని, లాప్‌టాప్ తెరిచి, ఆ గుండీ సగానికి తిప్పి, కుడి దొప్ప ఆయన కుడి చెవికి పెట్టాను.

ముందు ఏమీ అర్థంకానట్టు చూశాడు. తర్వాత మౌసు అందుకున్నాడు. ఒక పాట నడుస్తోంది. రెండోది ఎప్పుడొచ్చిందో, మొదటిది ఎప్పుడు వెళ్ళిపోయిందో నాకు తెలియలేదు. ఇరవై రెండేళ్ళుగా ఇదే వృత్తిలో ఉన్నవాణ్ణి, నేను పట్టుకోలేకపోయాను. మూడోది కలిపాడు. నాలుగోది కలిపాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అక్క గుమ్మంలో నిలబడి వింటోంది.

"ఈ గుండీ ఇందులో ముందు నుంచీ ఉందా?" అన్నాడు బావ.

"ఉంది బావా."

"నువ్వు నాకు నేర్పించిన మొదటి రోజు కూడా?"

"ఉంది."

నన్ను ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. ఏడుపొచ్చింది నాకు, ఎందుకు దాచాలి. ఇప్పుడే వెళ్ళి మేనేజరుతో మాట్లాడతాను, కావాలంటే ఆయన్నే ఇక్కడికి తీసుకొస్తాను అని చెప్పి లేచాను. కళ్ళజోళ్ళ షాపు మూతపడటానికి ఇంకా పన్నెండు రోజులుంది. అక్క అప్పుడు మొట్టమొదటిసారి నా వంక చూసి, ఏ సంగతో ఫోను చెయ్యి అంది.

మేనేజరు నన్ను గదిలోకి పిలిచి కుర్చీ వేసి టీ తెప్పించాడు. నేను ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. ఆ గుండీ సంగతి బొమ్మ గీసి మరీ చెప్పాను. కుడి చెవి పాము చెవిలా పనిచేస్తుందని, నాలుగు పాటలు కలిపితే నేనే అతుకు పట్టుకోలేకపోయానని, ఒక్కసారి, ఒక్క పది నిమిషాలు వినమని బతిమాలాను. ఇంకొకరి ముందు నేను బతిమాలడం అదే మొదలు. ఆయన మధ్యలో అడ్డు రాకుండా ఓపిగ్గా విన్నాడు. బొమ్మ గీసిన కాయితాన్ని మడిచి నా ముందుకి జరిపాడు.

"మీరు చెప్పేది నిజమే అయ్యుంటుందండీ. కానీ ఓనర్లు అందరూ అక్కడే ఉన్నారు కదండీ. రేపు కరెంటు పోయి పాట ఆగినా, చెవిటివాణ్ణి ఎవరు పెట్టారని నన్నే అడుగుతారు. పోనీ ఎవరో గిట్టనివాళ్ళు అన్న మాటా, పట్టించుకోకుండా ఉండటానికి? సొంత బావమరిది, మైకు పట్టుకుని చెప్పారు. మీ మాట నమ్మాం కాబట్టే వద్దంటున్నామండీ."

నేను లేచి నిలబడ్డాను. తలుపు దాకా వచ్చి సాగనంపుతూ, మంచి డీజే ఎవరైనా తెలిస్తే చెప్పండి, మీరైతే ఉన్నది ఉన్నట్టు చెబుతారు అన్నాడు. వీధిలోకి వచ్చి అక్కకి ఫోను చేసి, మేనేజరు ఊళ్ళో లేడని చెప్పాను.